ఏడు గంటలు పడుకుంటున్నా పడుకున్నట్టే ఉండట్లేదు – ఎక్కడ తేడా కొడుతోంది?

#1 సగంనిద్ర
అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. పదిన్నరకి మంచమెక్కితే తల దిండుకి తగిలీ తగలకముందే నిద్ర పట్టేస్తుంది. పొద్దున ఐదున్నరకి అలారం. లెక్క ప్రకారం ఏడు గంటలు. కానీ లేచేసరికి నోరు ఎండిపోయి, తల పట్టేసి ఉంటుంది. స్నానం చేసి బయటపడేదాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. మధ్యాహ్నం మీటింగులో కూర్చుంటే కళ్లు వాటంతట అవే మూతపడుతున్నాయి.

నెట్‌లో చెప్పినవన్నీ చేసేశాను. ఫోను హాల్లోనే చార్జింగు పెట్టి పడుకుంటాను. మధ్యాహ్నం తర్వాత కాఫీ ముట్టను. ఎనిమిదింటికల్లా భోజనం అయిపోతుంది. సాయంత్రం నడుస్తాను. కిటికీలకి మందం పరదాలు వేయించాను. అయినా చేతి వాచీ రోజూ "గాఢనిద్ర తక్కువ" అని చూపిస్తోంది. బీపీకి మాత్ర వాడుతున్నాను, ఈమధ్యే డోసు పెంచారు. రాత్రి ఒంటికి రెండుసార్లు లేస్తాను. షుగర్ చూపిస్తే లేదన్నారు. ఇంకేం మార్చుకోవాలి?

#2 గోరింక
ఫోన్ పక్కన పెట్టండి బ్రదర్. అన్ని రోగాలకీ అదే మూలం.

#3 లెక్కలమాస్టారు
గోరింక గారూ, ఆయన ఫోను హాల్లో పెడుతున్నానని రాశారు. పోస్టు చదివి జవాబివ్వండి.

సగంనిద్ర గారూ, "నిద్ర సరిగ్గా లేదు" అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో మూడు వేర్వేరు బాధలున్నాయి. పడుకుంటే నిద్ర పట్టకపోవడం ఒకటి. పట్టింది మధ్యలో చెడి మళ్లీ పట్టకపోవడం రెండోది. పూర్తిగా పడుకున్నా పొద్దున తేలిక లేకపోవడం మూడోది. కాఫీ, ఫోను, వెలుతురు లాంటి అలవాట్ల సలహాలు ఎక్కువగా మొదటిదానికి పనికొస్తాయి. మీది మూడోది. పడుకోగానే నిద్రపడుతోందని సంతోషంగా రాశారు, అది కూడా నాకు అంత మంచి సూచనగా అనిపించట్లేదు. నిద్ర బాగా బకాయి పడ్డవాడికే అంత తొందరగా పడుతుంది.

#4 గోరింక
ఓకే మాస్టారూ, చదివాను. కానీ కాఫీ మాత్రం నిజంగానే మొండిది కదా?

#5 లెక్కలమాస్టారు
మొండిదే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. నిద్ర ముంచుకొచ్చేది దానివల్లే. కెఫీన్ దాన్ని తగ్గించదు, అది వెళ్లి కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువతక్కువలు ఉంటాయి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే కూడా నిద్ర గంటకు పైగా తగ్గింది. ఆ మోతాదు పెద్దదే, ఒప్పుకుంటాను. "నేను కాఫీ తాగి కూడా హాయిగా పడుకుంటాను" అనేవాళ్లకి ఒకటే మాట: పట్టడం వేరు, పట్టిన నిద్ర ఎలా ఉందన్నది వేరు.

#6 నైట్‌ల్యాంప్
నేను స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

సగంనిద్ర గారూ, కొన్ని ప్రశ్నలు. గురక పెడతారా? ఇది మీరు చెప్పేది కాదు, ఇంట్లో వాళ్లనడిగి రాయండి. గురక మధ్యలో కాసేపు చప్పుడు ఆగిపోయి, తర్వాత ఒక్కసారి ఎగపీల్చినట్టు వస్తుందా? మెడ లావా? బీపీ మాత్రలు పెంచినా అదుపులోకి రావట్లేదా? చివరిది: సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఎప్పుడైనా కునుకు వచ్చిందా?

#7 సగంనిద్ర
మా ఆవిడనడిగాను. గురక గురించి అడగ్గానే నవ్వింది. చాన్నాళ్లుగా పిల్లల గదిలో పడుకుంటోంది, పిల్లల కోసమనే అనుకుంటున్నాను నేను. "మొదట్లో మీ గురకకి మెలకువ వచ్చేది, ఇప్పుడు గురక ఆగిపోతే మెలకువ వస్తోంది" అంది. ఆగినప్పుడు భుజం మీద తట్టేదట.

కాలరు సైజు పెరిగింది. బీపీ ఇంకా దిగలేదు. సిగ్నల్ దగ్గర... వెనకవాళ్లు హారన్ కొడితే కదిలిన సందర్భాలున్నాయి.

#8 నైట్‌ల్యాంప్
హారన్ విషయం తేలిగ్గా తీసుకోకండి. డాక్టరుకి చూపించుకునేదాకా దూర ప్రయాణాల్లో మీరు నడపకండి.

మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగడం, ఉందేమో పరీక్ష చేయించాలి. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో గాలి వెళ్లే దారి ఊపిరి పీల్చేటప్పుడు మాటిమాటికీ మూసుకుపోతుంది, తడిసిన కాగితం స్ట్రాని గట్టిగా పీలిస్తే అతుక్కుపోయినట్టు. ఛాతీ, పొట్ట కదులుతూనే ఉంటాయి, లోపలికి గాలి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. ఆ మెలకువ చాలాసార్లు మనిషికి గుర్తుండదు. అందుకే "ఏడు గంటలు పడుకున్నాను" అని నిజాయితీగానే చెప్తారు.

రాత్రి ఒంటికి లేవడం కూడా దీంతో ముడిపడి ఉండొచ్చు. మూసుకున్న గొంతుతో గట్టిగా పీల్చే ప్రయత్నంలో ఛాతీలో ఒత్తిడి పడిపోయి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోను వదులుతుంది, అది కిడ్నీల చేత మూత్రం ఎక్కువ చేయిస్తుంది. చాలామంది ప్రోస్టేట్ అనుకుని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు.

పరీక్షలో కనీసం పది సెకన్లపాటు శ్వాస ఆగినవీ బాగా తగ్గినవీ గంటకి ఎన్నో లెక్కేస్తారు. దాన్ని ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు, 15 దాకా కొద్దిపాటి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

#9 వేకువ
టాపిక్ పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాది మాస్టారు చెప్పిన మొదటి రకం. నాకు గురక లేదు. ఎనిమిది గంటలు పడుకోవాలని తొమ్మిదింటికే లైట్లు తీసేస్తాను. పన్నెండుదాకా దొర్లుతూనే ఉంటాను. గడియారం చూడటం, ఇప్పుడు పడితే ఆరు గంటలు, ఇప్పుడు పడితే ఐదు అని లెక్కేసుకోవడం. సోఫాలో టీవీ చూస్తూ ఉంటే కునుకు వస్తుంది, మంచం మీదికి వెళ్లగానే ఎగిరిపోతుంది. పొద్దున్నుంచే "ఈ రాత్రి ఎలా" అని టెన్షన్.

#10 మితభాషి
అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర, సగం. పని అయిపోతుంది.

#11 మందులచీటీ
మితభాషి గారూ, ఇలాంటి సలహా దయచేసి ఇవ్వకండి. నేను ఫార్మసిస్టుని. ఆ సగం మాత్ర కొన్నాళ్లకి ఒకటవుతుంది, ఒకటి మానేస్తే నిద్ర ముందున్నదానికంటే అధ్వాన్నంగా పోతుంది, "చూశారా, మాత్ర లేకపోతే పట్టదు" అని మళ్లీ మొదలుపెడతారు. వయసైనవాళ్లు అది వేసుకుని రాత్రి బాత్రూంకి లేచి పడిపోతారు, తుంటి విరుగుతుంది. ఇదే థ్రెడ్‌లో సగంనిద్ర గారున్నారు. ఆయన చెప్పిన లక్షణాలున్నవాళ్లు అలాంటి మాత్ర వేసుకుంటే గొంతు కండరాలు ఇంకా వదులై, మెదడు లేపడం ఇంకా ఆలస్యమై ప్రమాదం పెరుగుతుంది. ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్లు ఇది చదివి టక్కున మానేయకండి, అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా దిగాలి.

#12 లెక్కలమాస్టారు
వేకువ గారూ, మీ పోస్టులో అసలు సంగతి సోఫా. అక్కడ వచ్చే కునుకు మంచం మీద ఎగిరిపోతోందంటే మీ మెదడు మంచాన్ని నిద్రతో కాకుండా దొర్లడంతో జతచేసేసుకుంది. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వవేత్త దీనికొక పద్ధతి రాశారు. నిద్ర ముంచుకొస్తేనే మంచం మీదికి వెళ్లడం, పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవడం, మళ్లీ మగత వస్తేనే రావడం, ఎంత రాత్రి గడిచినా పొద్దున ఒకే వేళకి లేవడం. గడియారం కనబడకుండా తిప్పేయడం.

రెండోది మంచం మీద ఉండే సమయాన్నే కుదించడం. మీకు నిజంగా పడుతున్నది ఆరు గంటలైతే మంచానికి ఆరు గంటలే ఇవ్వాలి, పన్నెండు నుంచి ఆరు. నిద్ర గట్టిపడ్డాక పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఐదు గంటలకంటే తగ్గించకూడదు. ఇవన్నీ కలిపిన చికిత్సని సీబీటీ-ఐ అంటారు. చాలాకాలంగా నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లందరికీ మాత్రలకంటే ముందు ఇదే ఇవ్వమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మొదట్లో పగలు చుక్కలు కనిపిస్తాయి, అందుకే మధ్యలో వదిలేస్తారు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, డ్రైవింగే వృత్తిగా ఉన్నవాళ్లు సొంతంగా చేయకూడదు.

#13 వేకువ
అంటే నిద్ర తక్కువైందని తొందరగా పడుకోవడమే దాన్ని పోషిస్తోందన్నమాట. పన్నెండుదాకా మేలుకోమంటున్నారు, వింటేనే భయంగా ఉంది.

#14 తోకచుక్క
నాదో విచిత్రమైన బాధ, ఎవరికైనా ఉందా? సాయంత్రమయ్యేసరికి పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు. నొప్పి అనలేను, దురద అనలేను. కాళ్లు కదిపితే పోతుంది, ఆపగానే వచ్చేస్తుంది. మంచం మీద అయితే నరకం. లేచి చల్లటి నేల మీద అటూ ఇటూ తిరిగితే తప్ప తగ్గదు. ఇంట్లో అందరూ టెన్షన్ వల్లే అంటున్నారు. జలుబుకి మత్తొచ్చే మాత్ర వేసుకుంటే ఆ రాత్రి ఇంకా ఎక్కువైంది.

#15 మందులచీటీ
అది రెస్ట్‌లెస్ లెగ్స్ లాగా ఉంది. కదపకుండా ఉండలేకపోవడం, విశ్రాంతిలో ఎక్కువవడం, కదిలితే తగ్గడం, సాయంత్రం రాత్రి ముదరడం, ఈ నాలుగూ మీరే రాసేశారు. మత్తొచ్చే పాతరకం అలర్జీ మాత్రలు దీన్ని పెంచుతాయి. కొన్ని డిప్రెషన్ మాత్రలు, వాంతుల మాత్రలు కూడా.

డాక్టరుతో ఫెరిటిన్ పరీక్ష రాయించుకోండి, అది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్తుంది. హిమోగ్లోబిన్ బాగున్నా సరే. ఇక్కడొక మెలిక ఉంది. ల్యాబ్ రిపోర్టులో ఫెరిటిన్ 25 ఉన్నా "నార్మల్" అనే పడుతుంది. కానీ ఈ జబ్బున్నవాళ్లకి 75 లేదా అంతకంటే తక్కువుంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచించమని నిపుణుల మార్గదర్శకాలు చెప్తున్నాయి. రిపోర్టులో నార్మల్ చూసి ఇంటికొచ్చేయకండి, అంకె చూపించి అడగండి. అలాగని పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగకండి, ఒంట్లో ఎక్కువైనా చేటే.

ఎలాగూ మందుల మాట వచ్చింది కాబట్టి: స్టెరాయిడ్ సాయంత్రం వేసుకుంటే కొందరికి రాత్రంతా జాగారమే. ఒంట్లో నీరు తీసే మాత్ర రాత్రి వేసుకుంటే బాత్రూం చుట్టూ తిరగాలి. ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్ గుండె దడ పెట్టి నిద్ర చెడగొడుతుంది. బీపీకీ గుండె దడకీ ఇచ్చే ప్రొప్రనోలాల్ లాంటి వాటితో కొందరికి పీడకలలు. మందు మానడం కాదు, వేళ మార్చొచ్చేమో డాక్టర్ని అడగండి.

#16 నైట్‌షిఫ్ట్
అందరూ "రోజూ ఒకే వేళకి పడుకోండి" అంటారు. వారంవారం షిఫ్టు మారేవాడు ఏం చేయాలి? పొద్దున ఏడింటికి ఇంటికొస్తే ఎండ మొహం మీద కొడుతుంది, పడుకుంటే పదకొండుకి మెలకువ. కాలింగ్ బెల్, కుక్కరు, పక్కింటి డ్రిల్లింగు. పగలు పడుకునేవాణ్ని బద్ధకస్తుడిలాగా చూస్తారు.

#17 లెక్కలమాస్టారు
మీ కోపం న్యాయమైనదే. శరీరంలో గడియారం అనేది మాటవరసకి అన్నది కాదు. దాన్ని నడిపే జన్యువుల పనితీరు కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఆ గడియారం ముఖ్యంగా కంటికి తగిలే వెలుతురుని బట్టి సర్దుకుంటుంది. కాబట్టి డ్యూటీ మొదట్లో బాగా వెలుతురులో ఉండండి. ఇంటికొచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు, కానీ సొంతంగా బండి నడుపుతుంటే, మగతగా ఉంటే వద్దు. గది చిమ్మచీకటి, చెవుల్లో దూది. డ్యూటీకి వెళ్లేముందు ఒక కునుకు. కెఫీన్ షిఫ్టు మొదటి సగంలోనే. ఇంతా చేసినా పగటి నిద్ర రాత్రి నిద్రకి సాటి రాదు. అలవాట్లు మార్చుకో అని మీకు చెప్పడం కంటే రోస్టరు వేసేవాడికి చెప్పడం మేలు. మారే షిఫ్టులైనా పగలు, సాయంత్రం, రాత్రి అనే వరసలో ముందుకి జరిగితే కొంత నయం.

#18 గోరింక
తిట్టకపోతే ఒకటి అడుగుతా. ఒక పెగ్గు వేసి పడుకుంటే నాకు భలే పడుతుంది. ఇందులో తప్పేముంది?

#19 నైట్‌ల్యాంప్
పట్టడం త్వరగానే పడుతుంది. ల్యాబ్‌లో తెరమీద చూస్తుంటాం కాబట్టి చెప్తున్నాను, తెల్లవారుజాము వైపు గీతలన్నీ చెదిరిపోతాయి. మత్తు దిగే వేళకి నిద్ర ముక్కలవుతుంది, కలల నిద్ర తగ్గుతుంది, గురక పెరుగుతుంది. మామూలుగా గురక లేనివాళ్లకి కూడా ఆ రాత్రి రావచ్చు.

#20 సగంనిద్ర
మరి నా వాచీ చూపించే గాఢనిద్ర సంగతి? రోజూ పొద్దున లేవగానే అదే చూస్తున్నాను.

#21 నైట్‌ల్యాంప్
గాఢనిద్రని లెక్కగట్టేది తలకి అతికించిన తీగల్లో కనబడే మెదడు తరంగాలతో. వాచీ చేతి కదలికనీ నాడినీ చూసి ఊహిస్తుంది. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అన్నది పర్వాలేదు, దశల లెక్క మాత్రం నమ్మకండి. పైగా వయసుతో గాఢనిద్ర అందరికీ తగ్గుతుంది. వాచీ స్కోరు బాగు చేసుకోవాలన్న ఆత్రంతోనే నిద్ర పోగొట్టుకున్నవాళ్ల గురించి 2017లో వైద్య పత్రికలో రాశారు, ఆ ఆత్రానికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. వేకువ గారి గడియారం, మీ వాచీ ఒకే జాతి.

#22 మధుమాలతి
ఇంతసేపూ ఆప్నియా అంటే మెడ లావుగా ఉన్న మగవాళ్ల జబ్బన్నట్టే మాట్లాడుకున్నారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో కూడా బాగా పెరుగుతుంది. చాలాసార్లు పెద్ద గురక ఉండదు. నిద్ర పట్టట్లేదు, నీరసం, చిరాకు, తలనొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్తే విటమిన్లో డిప్రెషన్ మాత్రో రాసి పంపిస్తారు. నా విషయంలో అదే జరిగింది. రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి లేస్తుంటే అదంతా మెనోపాజ్ కిందే జమ కట్టేశారు. సన్నగా ఉన్నవాళ్లకి కూడా దవడ చిన్నదైతే రావచ్చు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. ఇన్సులిన్ వాడేవాళ్లకి రాత్రి చెమటలతో మెలకువ వస్తే షుగర్ పడిపోయిందేమో చూసుకోవాలి. పడుకోగానే గుండెలో మంట, పుల్లటి త్రేన్పులు, పొడిదగ్గు ఉంటే అది అసిడిటీ. భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచి, మంచం తలవైపు ఎత్తు చేసి, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. దిండు మీద దిండు వేస్తే పొట్ట నొక్కుకుంటుంది, ఎత్తాల్సింది మంచం కోళ్లని.

#23 సగంనిద్ర
అప్‌డేట్. పరీక్ష అయింది. ఇంట్లోనే చేసుకునే యంత్రం ఇచ్చారు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. ఏహెచ్ఐ 38. ఆక్సిజన్ ఒక దశలో 79 శాతం దాకా పడిందట. రిపోర్టు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, బెల్టు మాత్రం తనే విప్పింది.

సీపాప్ రాశారు, అంటే మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే యంత్రం. బరువు కూడా తగ్గమన్నారు. మాస్కు పెట్టుకుంటే గాలి మొహం మీదికి తోసేస్తున్నట్టుంది. నిద్రలో ఎప్పుడు తీసి పారేస్తున్నానో నాకే తెలీడం లేదు. ముక్కు లోపల పొక్కినట్టు అయింది. ఎన్నాళ్లిలా?

#24 నైట్‌ల్యాంప్
మొదట్లో చాలామంది తీసి పారేస్తారు. పగలు టీవీ చూసేటప్పుడు కాసేపు మాస్కు పెట్టుకుని కూర్చోండి, నిద్రపోవాలన్న బలవంతం లేకుండా మొహానికి అలవాటవుతుంది. యంత్రంలో ర్యాంప్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే గాలి ఒత్తిడి తక్కువతో మొదలై మెల్లగా పెరుగుతుంది. ముక్కు ఎండిపోతుంటే తేమ పెట్టే గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆ సెట్టింగు ఒక మెట్టు పెంచండి. పట్టీలు బిగించి పడుకుంటున్నారేమో చూడండి. గాలి కారుతోందని బిగిస్తే ఇంకా కారుతుంది. పడుకున్న భంగిమలోనే, యంత్రం ఆన్‌లో ఉండగా సర్దుకోవాలి. అన్నీ చేసినా కుదరకపోతే మాస్కు రకం మార్చమనండి, ముక్కు రంధ్రాల దగ్గరే కూర్చునేవి ఉన్నాయి.

సీపాప్‌ని 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ మొదటిసారి వాడినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటిదాన్ని తిప్పి బిగించారు. ఆ మోతతో పోలిస్తే మీది చాలా మర్యాదస్తుడు.

#25 సగంనిద్ర
డిస్టిల్డ్ వాటర్ సంగతి నాకెవరూ చెప్పలేదు. కుళాయి నీళ్లే పోస్తున్నాను. ఇవాళే తెస్తాను. బీపీ మాత్ర ఇక తగ్గించుకోవచ్చా?

#26 మందులచీటీ
మీరు తగ్గించకండి. ఇంట్లో రీడింగులు రాసిపెట్టి డాక్టరుకి చూపించండి. యంత్రం సరిగ్గా వాడితే బీపీ కొంత దిగే అవకాశం ఉంది, కానీ అందరికీ మాత్ర మానేసేంత దిగదు.

#27 తోకచుక్క
ఫెరిటిన్ 18 వచ్చింది. రిపోర్టులో నార్మల్ అనే ఉంది! అంకె చూపించి అడిగితే ఐరన్ రాశారు. కాఫీ, టీ తాగే వేళకి దూరంగా వేసుకోమన్నారు. తగ్గడానికి నెలలు పడుతుందట.

#28 గోరింక
నాదో చివరి ప్రశ్న, ఈసారి సీరియస్‌గా. మా నాన్నగారికి సగంనిద్ర గారి లక్షణాలన్నీ ఉన్నాయి. పరీక్షకి రమ్మంటే "నాకు గురకే లేదు, మీరంతా కల్పించి చెప్తున్నారు" అంటారు. ఎలా ఒప్పించాలి?

#29 నైట్‌ల్యాంప్
వాదించకండి. రాత్రి గాఢంగా పడుకున్నాక ఫోనులో వీడియో తీయండి, శబ్దంతో సహా. వెల్లకిలా ఉన్నప్పుడు, తెల్లవారుజామున అయితే శ్వాస ఆగడం బాగా కనబడుతుంది. దుప్పటి మెడదాకా కప్పి ఉంటే కొంచెం కిందికి లాగండి, ఛాతీ కదులుతూ ఉండి శబ్దం ఆగిపోవడం కనబడాలి. ముందు ఆయనకి చూపించండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అదే వీడియో తీసుకెళ్లండి.